తిరుపతిలో లగ్జరీ సెడాన్: సరదా స్టీరింగ్‌లో, ఖర్చు వారంటీ తేదీలో

అరవై లక్షల అటూఇటూ పెట్టి సెడాన్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది హార్స్‌పవర్, ఆ వెంటనే మైలేజీ. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తిరిగే బండికి ఈ రెండూ చివర్లో చూసుకోవాల్సినవి. ఘాట్ రోడ్డు నిబంధన ప్రకారం అలిపిరి నుంచి కొండెక్కడానికి 28 నిమిషాల కన్నా తక్కువ పట్టకూడదు, దిగడానికి 40 నిమిషాల కన్నా తక్కువ పట్టకూడదు. పైకి 18 కి.మీ., కిందికి 19 కి.మీ. అనుకుంటే ఎక్కేటప్పుడు సగటు వేగం 38 దగ్గర, దిగేటప్పుడు 28 దగ్గర ఆగిపోతుంది. బానెట్ కింద 204 హెచ్‌పీ ఉన్నా, 374 ఉన్నా కొండమీదికి చేరే టైము ఒకటే.

మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఏ బండి ఏమిటో తెలిసిపోతుంది. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి. అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది, స్టీరింగ్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పుతూనే ఉండాలి. స్టీరింగ్ ఎంత నిజం చెబుతుందో, బ్రేకు పెడల్ మొదటి అంగుళంలో ఎంత పట్టు ఉందో, గేర్‌బాక్స్ మాట వింటుందో లేదో ఈ రోడ్డే చెబుతుంది. షోరూం వాళ్లు ఫ్లైఓవర్ మీద ఇచ్చే పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో తెలిసేది పికప్ ఒక్కటే.

నడిపే సుఖం వరకూ చూస్తే బీఎండబ్ల్యూ 3 సిరీస్‌దే పైచేయి. వెనక చక్రాలకు పవర్ పోతుంది కాబట్టి ముందు చక్రాలకు తిరగడం ఒక్కటే పని. హెయిర్‌పిన్ నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే స్టీరింగ్ చేతిలో లాగినట్టు ఉండదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే 330ఎల్ఐలో 2 లీటర్ల టర్బో పెట్రోల్, 258 హెచ్‌పీ, 400 న్యూటన్ మీటర్ల టార్క్, జడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ గేర్‌బాక్స్. కానీ అది పొడుగు వీల్‌బేస్ బండి, ముందు వెనక చక్రాల మధ్య 2,961 మి.మీ. వెనక సీట్లో కాళ్లు చాపుకోవచ్చు గానీ, ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే ఊళ్లలో వేసిన స్పీడ్‌బ్రేకర్లకు కడుపు తగులుతుంది. అటూఇటూ చక్రాలు ఒకేసారి ఎక్కకుండా కాస్త ఏటవాలుగా ఎక్కించడం తప్ప దీనికి మందు లేదు. ఎం340ఐలో ఆరు సిలిండర్ల ఇంజన్, నాలుగు చక్రాలకూ పవర్. గొప్ప బండే, అయితే దాని అసలు బలం చూపించడానికి ఇక్కడ చట్టం ఒప్పుకునే రోడ్డు లేదు.

మెర్సిడెస్ సి క్లాస్ 2022లో కొత్త తరం వచ్చింది. సి200లో 1.5 లీటర్ల పెట్రోల్, 204 హెచ్‌పీ. సి220డిలో 2 లీటర్ల డీజిల్, 200 హెచ్‌పీ, 440 న్యూటన్ మీటర్లు. ఇదీ వెనక చక్రాల బండే. మలుపులో 3 సిరీస్ అంత చురుకు లేదు గానీ గుంతల మీద దానికన్నా మెత్తగా పోతుంది. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరుకు వారానికోసారి పోయేవాళ్లకు సి220డి సరిగ్గా సరిపోతుంది. ఆ టార్క్‌తో మొగిలి ఘాట్‌లో లారీని దాటాలంటే గేరు కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఆడి ఏ4లో 2 లీటర్ల టర్బో పెట్రోల్, డబుల్ క్లచ్ గేర్‌బాక్స్, ముందు చక్రాలకు పవర్. హైవేలో నిశ్శబ్దంగా, నిలకడగా ఉంటుంది. ఎత్తైన హెయిర్‌పిన్‌లో, అందులోనూ వాన తడిలో, లోపలి వైపు ముందు చక్రం జారి ట్రాక్షన్ కంట్రోల్ పవర్ కోసేయడం గమనించవచ్చు. కొండ దారిలో ముందు బండి వెనక నత్తనడకన జరిగేటప్పుడు డబుల్ క్లచ్ కాస్త కుదుపుతుంది. బ్రేకు వదిలి వదలనట్టు పాకించకుండా ముందు రెండు బండ్ల జాగా ఇచ్చి, ఒకేసారి కదిలించి ఆపితే క్లచ్ వేడెక్కదు.

టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌నూ లెక్సస్ ఈఎస్ 300హెచ్‌నూ కలిపే చెప్పాలి. రెండింట్లోనూ 2.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్, రెండు మోటార్లు, ప్లానెటరీ గేర్ల ఈ-సీవీటీ (మెట్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్). స్టీరింగ్ సరదా కోరేవాళ్లకు ఇవి చప్పగా ఉంటాయి, అందులో దాపరికం లేదు. కానీ టర్బో లేదు, డబుల్ క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, బెల్టుతో తిరిగే సీవీటీ కాదు. లేని భాగం చెడిపోదు. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ. చూసుకోవాల్సింది ఒక్కటే: వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి తీసుకునే జాలీ. అక్కడ దుమ్ము పేరుకున్నా, సంచులు అడ్డం పెట్టినా బ్యాటరీ వేడెక్కుతుంది. మన ఎండల్లో ప్రతి సర్వీసుకూ ఆ ఫిల్టరు దులపమని అడిగి మరీ చేయించాలి.

కొండ దిగేటప్పుడు

తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1,700 కిలోల బండి అంత ఎత్తు నుంచి దిగితే 3 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి బయటపడుతుంది. టైర్ల రాపిడికి కొంత పోయినా రెండు యూనిట్లకు పైనే ఎక్కడో ఒకచోట వేడిగా దిగాలి: ఇంజన్‌లోనో, బ్రేకు డిస్కుల్లోనో. బ్రేకు మీదే ఆనుకుని దిగితే డిస్కులు కాలి, పెడల్ మెత్తబడుతుంది.

ఆటోమేటిక్ బండ్లలో సెలెక్టరును మాన్యువల్‌కు నెట్టి రెండో గేరులో ఉంచండి. 30 కి.మీ. వేగంలో ఇంజన్ రెండువేల చిల్లర ఆర్‌పీఎంలో తిరుగుతూ బండిని పట్టుకుంటుంది. వేగం పెరిగితే గట్టిగా ఒక్కసారి బ్రేకు నొక్కి వదలాలి, కాలు పెట్టే ఉంచకూడదు. భాకరాపేట, మొగిలి ఘాట్ల లాంటి చోట వేగం యాభై దాటినప్పుడు ఇంకో సంగతి ఉంది: ఈకో మోడ్‌లో ఈ జర్మన్ బండ్లు యాక్సిలరేటర్ వదలగానే ఇంజన్ను చక్రాల నుంచి విడదీసి ఊరికే దొర్లుతాయి. పెట్రోలు మిగులుతుంది గానీ ఇంజన్ పట్టు పోతుంది. దిగుడు మొదలయ్యే ముందే స్పోర్ట్‌లోకి మార్చేయాలి.

హైబ్రిడ్ బండిలో లెక్క వేరు. దాని బ్యాటరీ మొత్తం సామర్థ్యమే రెండు యూనిట్ల లోపు, అందులోనూ కొంతే వాడుకుంటుంది. అందుకే దారి సగం కాకముందే నిండిపోతుంది. ఆ తర్వాత మోటారు పట్టు తగ్గి, బండే ఇంజన్ను ఊరికే తిప్పి వేగం ఆపుతుంది. కాలు తియ్యగానే ఇంజన్ గీపెట్టినట్టు మోగితే బండి చెడిపోయిందని కంగారుపడొద్దు, అది దాని పద్ధతే. అప్పుడే డి నుంచి తక్కువ గేరు స్థానానికి మార్చుకోండి.

కిందికొచ్చాక జనం ఎక్కువగా చేసే పొరపాటు, కాలిన డిస్కుల మీద బ్రేకు బిగబట్టి నిలబడటం. ఆటో హోల్డ్ ఆన్‌లో ఉంటే మీరు కాలు తీసినా ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోట అంటుకుని, తర్వాత హైవేలో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. డిస్క్ వంకరపోయిందని వర్క్‌షాపులో మార్చేస్తారు. ఆటో హోల్డ్ ఆపి, గేరు పీలో వేసి నిలిపితే ఆ ఖర్చు ఉండదు. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చడం తప్పనిసరి, నెలకో రెండుసార్లు కొండకు పోయే బండికి మరీనూ.

అసలు డబ్బు ఎక్కడ పోతుంది

ఏడాదికి 12,000 కి.మీ. తిరిగే బండి, లీటరు పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం. లీటరుకు 10 కి.మీ. ఇచ్చే జర్మన్ పెట్రోల్ బండికి కిలోమీటరుకు 11 రూపాయలు, 17 ఇచ్చే హైబ్రిడ్‌కు ఆరున్నర. ఏడాదికి తేడా 54,000. ఇదీ అందరూ తలపట్టుకునే మైలేజీ.

ఇప్పుడు బండి విలువ అరుగుదల చూడండి. ఆన్‌రోడ్ 75 లక్షల బండిని ఐదేళ్ల తర్వాత 32 లక్షలకు అమ్మితే పోయింది 43 లక్షలు. 60,000 కి.మీ. మీద పంచితే కిలోమీటరుకు 72 రూపాయలు. అదే మోడల్ నాలుగేళ్ల వయసులో 34 లక్షలకు కొని, నాలుగేళ్లు వాడి 18 లక్షలకు అమ్మితే కిలోమీటరుకు 33. మధ్యలో రిపేర్లకు 6 లక్షలు పోయినా ఇంకో పన్నెండున్నర. రెండూ కలిపి 46. క్యామ్రీ కొత్తది 57 లక్షలకు కొని ఐదేళ్లకు 30 లక్షలకు అమ్మితే 45. ధరలు ఉదాహరణకు వేసినవే, మీ బేరాన్ని బట్టి మార్చుకోండి. అంకెలు కాస్త అటూఇటూ అయినా సారం మారదు: కొత్త జర్మన్ బండికి మొదటి ఐదేళ్లలో పోయే డబ్బులో పెట్రోలు వాటా చాలా చిన్నది.

కొత్తవాటి ధరలు 2025 సెప్టెంబర్ 22 నుంచి కాస్త దిగాయి. అంతకుముందు సెడాన్లకు జీఎస్‌టీ, సెస్సు కలిపి 48 శాతం దాకా ఉన్నది 40 శాతమైంది. దీని దెబ్బ పాత బండ్ల ధర మీదా పడుతుంది. కాబట్టి సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు పాత ఇన్‌వాయిస్ చూపించి ఇంత పెట్టి కొన్నామంటే ఆ లెక్క ఒప్పుకోవద్దు. ఈరోజు కొత్త బండి ధరతోనే పోల్చాలి.

అయితే సెకండ్ హ్యాండ్ లెక్క నిలబడాలంటే వారంటీ ఉండాలి. సాధారణంగా బీఎండబ్ల్యూకు కంపెనీ వారంటీ రెండేళ్లు, మెర్సిడెస్‌కు మూడేళ్లు. ఆ తర్వాత డబ్బు కట్టి పొడిగించుకోవచ్చు, కానీ గడువు ముగియకముందే కట్టాలి. ఒకసారి తెగిన వారంటీని అతికించడం కష్టం. పొడిగించిన వారంటీ ఉన్న నాలుగేళ్ల బండికీ, లేని నాలుగేళ్ల బండికీ మధ్య రెండు మూడు లక్షల తేడా ఉన్నా ఉన్నదే కొనండి.

వారంటీ లేకపోతే ఏం భయం? ఇంజన్ పగలడం అరుదు. చుట్టూ ఉండే ప్లాస్టిక్కు, రబ్బరు వేడికి ఎండి పగలడమే ఎక్కువ. బీఎండబ్ల్యూ 2 లీటర్ల బీ48 ఇంజన్‌లో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ కారుతుంది, కూలెంట్ మెల్లగా తగ్గుతుంది. అంతకుముందు 2012–2015 నాటి ఎన్20 ఇంజన్‌లో టైమింగ్ చైన్ గైడ్లు ప్లాస్టిక్‌వి, విరిగితే ఇంజన్‌కే ఎసరు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఈల లాంటి సన్నటి మోత వినబడితే అక్కడితో బేరం ఆపేయాలి. ఆడి, స్కోడా సూపర్బ్‌లలో ఉండే ఈఏ888 ఇంజన్‌లో వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ ఒకే ప్లాస్టిక్ ముద్ద. లీకైతే మొత్తం మార్చడమే, ముక్క మార్చడం కుదరదు. ఇదే ఇంజన్ రెండో తరం, అంటే 2009–2011 నాటి ఏ4లలో, పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగేస్తుంది. మెర్సిడెస్ కొత్త సి క్లాస్‌లో ఇంజన్‌కు ఆసరాగా 48 వోల్టుల కరెంటు వ్యవస్థ ఉంది. వారంటీ దాటాక నన్ను భయపెట్టేది అదొక్కటే.

బీఎస్6 డీజిల్ తీసుకుంటే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) గురించి తెలుసుకునే తీసుకోండి. ఇంటి నుంచి కపిలతీర్థం, అక్కడి నుంచి బజారు, మళ్లీ ఇల్లు ఇలా తిరిగే డీజిల్ బండిలో మసి ఫిల్టరు నిండిపోతుంది. వారానికోసారైనా పుత్తూరు దాకానో, నాయుడుపేట దాకానో 60–80 వేగంలో ఆపకుండా ఇరవై నిమిషాలు పోనిస్తే అదే కాల్చుకుంటుంది. లేదంటే హెచ్చరిక లైటు, ఆ తర్వాత లింప్ మోడ్, అంటే బండి పవర్ తగ్గించుకుని కుంటుతూ నడుస్తుంది. ఊళ్లోనే తిరిగేవాళ్లు డీజిల్ జోలికి పోకండి.

పెట్రోలు విషయంలో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినదే. 2023కు ముందు బండి అయితే ట్యాంకు మూత లోపలి స్టిక్కరు చూడండి, ఈ10 అని మాత్రమే ఉంటే మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ఎక్కువుంటే తేమ చేరుతుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదని బీఎండబ్ల్యూ అంటుంది. గేర్‌బాక్స్ చేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80,000–1,20,000 కి.మీ. లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. నేను జడ్‌ఎఫ్ మాటే వింటాను. ఆయిల్ పాన్, ఫిల్టర్ ఒకే ప్లాస్టిక్ భాగం, మొత్తం మార్చాలి. ఆరు లీటర్ల దాకా కొత్త ఆయిల్ పడుతుంది. లెవెల్ చూడాల్సింది ఇంజన్ తిరుగుతుండగా, ఆయిల్ వేడి 30–50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. కొలత చూడకుండా పోసేసే షెడ్డుకు ఈ పని ఇవ్వొద్దు. ఆడి డబుల్ క్లచ్‌కు 60,000 కి.మీ. దగ్గరే మార్పించడం మేలు. ఇంజన్ ఆయిల్ కంపెనీ గడువు ఎంతున్నా 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. డబ్బా మీద గ్రేడు ఒక్కటి చూస్తే చాలదు, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్ నంబరు, మెర్సిడెస్ 229తో మొదలయ్యే నంబరు, ఫోక్స్‌వాగన్ 504/507 ఆమోదం ముద్రించి ఉండాలి.

టైర్లు ఇంకో గుండెపోటు. రన్‌ఫ్లాట్ ఉంటే సాధారణంగా స్టెప్నీ ఉండదు. గాలి పోయాక 80 వేగం లోపు 80 కి.మీ. దాకా పోవచ్చు. తిరుపతి నుంచి చెన్నై సుమారు 135 కి.మీ., బెంగళూరు 250. మధ్యలో ఆ సైజు టైరు దొరకదు. పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉంచుకోండి. ముందు వెనక టైర్ల సైజు వేరైతే రొటేషన్ కుదరదు, వెనకవి త్వరగా అరుగుతాయి. మామూలు టైర్లకు మారితే గుంతల మీద సుఖం బాగా పెరుగుతుంది, కానీ స్పేర్ పెట్టే చోటు డిక్కీలో లేదు కాబట్టి ఆ లెక్క ముందే వేసుకోండి.

బ్యాటరీ మన వేడికి నాలుగైదేళ్లు నిలిస్తే గొప్ప. ఏజీఎం రకమే వేయాలి, వేశాక బీఎండబ్ల్యూలో స్కానర్‌తో రిజిస్టర్ చేయించాలి. లేకపోతే ఛార్జింగ్ పాత బ్యాటరీ వయసు లెక్కనే జరిగి కొత్తది తొందరగా పాడవుతుంది. బయటి షెడ్డుకు బండి ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: కంపెనీ స్కానింగ్ సాఫ్ట్‌వేర్, అంటే బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ, ఆడికి ఓడిస్ ఉందా? మామూలు కోడ్ రీడర్ చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ భాగం ఏటా 1500 సీసీ పైన 7,897 రూపాయలు, ఆ లోపు 3,416. సి200 ఆ లోపే వస్తుంది, ఇదో చిన్న లాభం. జీరో డిప్రిసియేషన్‌తోపాటు (మార్చిన భాగాలకు అరుగుదల కోత లేకుండా డబ్బిచ్చేది) ఇంజన్ ప్రొటెక్షన్ తప్పకుండా తీసుకోండి. నీళ్లలో మునిగిన ఇంజన్‌కు మామూలు పాలసీ డబ్బివ్వదు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

మునిగిన బండి మన ప్రాంతంలో మొదటి అనుమానం. చెన్నైలో 2015 డిసెంబర్, 2023 డిసెంబర్ వరదలు, తిరుపతిలోనే 2021 నవంబర్ వరద. కడిగి, పాలిష్ చేసి, వేరే ఊళ్లో అమ్ముతారు. సీటు బెల్టు మొత్తం చివరిదాకా లాగి చూడండి, అడుగున బురద గీత ఉంటే తేలిపోతుంది. డిక్కీ కార్పెట్ ఎత్తండి. బీఎండబ్ల్యూలో బ్యాటరీ, కొన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు అక్కడే అడుగున ఉంటాయి, ముందు మునిగేవి అవే. కనెక్టర్ల మీద పచ్చటి తుప్పు, సీటు పట్టాల బోల్టుల మీద ఎర్ర తుప్పు, ఏసీ ఆన్ చేయగానే ముక్కవాసన, వీటిలో రెండు కనిపించినా వదిలేయండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అమ్మేవాళ్లు మీరు వచ్చేలోపు వేడిచేసి పెడితే మర్నాడు పొద్దున్నే మళ్లీ వస్తామనండి. ఎస్ క్లాస్, 7 సిరీస్ లాంటి ఎయిర్ సస్పెన్షన్ బండ్లు (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలిచేవి) రాత్రంతా నిలబెట్టి పొద్దున ఏ మూలైనా కుంగిందేమో చూడాలి. చిన్న లీకుంటే కంప్రెసర్ ఎడతెగకుండా తిరిగి కాలిపోతుంది, రెండు బిల్లులు ఒకేసారి వస్తాయి. బ్రేకు డిస్క్ మీద చెక్కిన కనీస మందం అంకెతో అసలు మందం కొలిచి పోల్చండి. ఓడోమీటరు అంకెను నమ్మకుండా ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ రికార్డు తెప్పించండి. నాలుగు టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2322 అంటే 2022లో 23వ వారం. బండి 30,000 కి.మీ. తిరిగిందంటూ టైర్లు నాలుగూ కొత్తవైతే ఎందుకో అడగాలి.

ఇవన్నీ చూశాక, నా ఓటు ఇలా ఉంటుంది. డ్రైవింగ్ కోసమే కొనేవాళ్లకు పొడిగించిన వారంటీ ఇంకా మిగిలున్న నాలుగేళ్ల 3 సిరీస్ పెట్రోల్. బెంగళూరు తిరుగుడు ఎక్కువైతే సి220డి. పదేళ్లు ఒకే బండి ఉంచుకుని, వర్క్‌షాపు మొహం చూడకూడదనుకుంటే క్యామ్రీ, ఇంకాస్త మెత్తదనానికి లెక్సస్. ఏ4 చెడ్డది కాదు, బాగా తక్కువకు దొరికితేనే.

బెంగళూరు, చెన్నై నంబరు బండి తక్కువకు వచ్చిందని సంబరపడే ముందు కాగితాల ఖర్చు కలపండి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అందుకు పాత ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ, యాజమాన్య మార్పుకు 29, 30 ఫారాలు, లోన్ ఉంటే తీరినట్టు బ్యాంకు సంతకంతో ఫారం 35, ఆపైన మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన పన్ను తిరిగి రాబట్టుకోవడం విడిగా ఒక తిరుగుడు. ఢిల్లీ బండ్లు చవగ్గా కనబడటానికి కారణం అక్కడ పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు. ఎన్‌ఓసీ చేతికి వచ్చి, అందులో ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిపోయాకే మిగతా డబ్బు కట్టండి.